ఎర్ర లైటు వెలిగితే చూసేదెవరు? ఎమర్జెన్సీ లైట్లలో ఆటో టెస్ట్ కొనాలా, మామూలువి సరిపోతాయా?

మా బావగారు పర్లాకిమిడిలో కల్యాణమండపం కడుతున్నారు. కింద భోజనాల హాలు, పైన పెళ్లి హాలు, వెనకవైపు మగపెళ్లివారికీ ఆడపెళ్లివారికీ కలిపి పది గదులు. మొన్న రాత్రి ఫోన్ చేసి, "బావా, ఎలక్ట్రీషియన్ రెండు కొటేషన్లు పట్టుకొచ్చాడు. ఒకదాంట్లో మామూలు ఎమర్జెన్సీ లైట్లు, ఇంకోదాంట్లో ఆటో టెస్ట్ అని రాశాడు. అదేదో తన్ను తానే పరీక్షించుకుంటుందట, పాడైతే తనే చెబుతుందట. రేటు మాత్రం బాగా ఎక్కువ. నిజంగా పనికొచ్చేదేనా, డబ్బులు దండగా?" అని అడిగారు. నేను బరంపురంలో ఒక నర్సింగ్‌హోమ్‌కి కరెంటు పనులు చూస్తుంటాను కాబట్టి ఇలాంటివి నా నెత్తినే పడతాయి. గంటసేపు చెప్పినా ఆయనకి సగమే ఎక్కింది, మిగతాది రాసి పంపమన్నారు. రాస్తూ రాస్తూ ఇంత అయింది.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఎమర్జెన్సీ లైటంటే కరెంటు పోతే అన్నాల దగ్గర పెట్టుకునే ఛార్జింగ్ లైటు కాదు, ఈమధ్య ప్రతి ఇంట్లో కనిపించే ఇన్వర్టర్ బల్బూ కాదు. మెట్ల మీద, వరండాలో, గుమ్మం పైన గోడకి బిగించి ఉండి, మామూలు దీపాలు ఆరగానే తనంతట తనే వెలిగి, జనం బయటపడేదాకా వెలుగుతూ ఉండాల్సిన లైటు. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం ఎంత చిన్న భవనమైనా అది కనీసం గంటన్నర వెలగాలి. నేల నుంచి రెండు మీటర్లకి తగ్గకుండా, అలాగని అంతకు మించి వీలైనంత కిందనే ఉండాలి. పొగ పైకి లేస్తుంది కదా, సీలింగుకి అంటించిన లైటు ముందు పొగలో మునిగిపోతుంది.

ఈ మాట చెప్పగానే బావగారు అన్నది ఇది: "మా ఊళ్లో కరెంటే రోజూ పరీక్ష పెడుతుంది కదా, వేరే టెస్ట్ ఎందుకు?" మన వైపు చాలామంది ఇలాగే అనుకుంటారు, నేనూ ఒకప్పుడు అనుకున్నాను. కానీ పది నిమిషాలు కరెంటు పోయినప్పుడు లైటు వెలిగిందంటే ఆ బ్యాటరీలో పది నిమిషాల సరుకు ఉందని మాత్రమే తెలిసింది. గంటన్నర ఉంటుందో, ఇరవయ్యో నిమిషంలో గుటుక్కుమంటుందో దాన్నిబట్టి తెలీదు. ముసలి బ్యాటరీ లక్షణమే అది, మొదట బాగా వెలుగుతుంది, మీటరు పెడితే వోల్టేజీ కూడా బాగానే చూపిస్తుంది, లోడు మీద కాసేపు నడిస్తేనే దాని రంగు బయటపడుతుంది. పైగా జనరేటర్ ఉన్నచోట ఈ పది నిమిషాల పరీక్ష కూడా ఉండదు, కరెంటు పోయిన పది పదిహేను సెకన్లకే జనరేటర్ అందుకుంటుంది, లైటు ఇలా వెలిగి అలా ఆరిపోతుంది. ఏళ్ల తరబడి అలా గడిచిపోతుంది, అసలు అవసరం పడిన రోజున గానీ అందులో ఏమీ లేదని తెలీదు.

అందుకే టెస్టులు రెండు రకాలు. నెలకోసారి చిన్న టెస్ట్, అంటే మెయిన్ లైను ఆపినట్టు చేసి లైటు బ్యాటరీ మీదికి మారుతోందా, దీపం వెలుగుతోందా అని కాసేపు చూడడం. ఏడాదికోసారి పెద్ద టెస్ట్, అంటే ఎంతసేపు వెలుగుతానని లైటు మీద రాసి ఉందో అంతసేపూ వెలిగించి చూడడం. ఈ రెండూ ఎవరు చేస్తారు, చేశాక ఫలితం ఎవరు చూస్తారు అన్నదాని మీదే కొనాల్సిన రకం తేలుతుంది. మిగతా గుణగణాలన్నీ దాని తర్వాతే.

మామూలు రకంలో పక్కన చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కి పట్టుకుంటే లైటు బ్యాటరీ మీద వెలుగుతుంది. చౌక, సులువు, పాడవడానికి లోపల పెద్దగా ఏమీ లేదు. కానీ లెక్క వేసి చూడండి. బావగారి మండపానికి ఎగ్జిట్ బోర్డులతో కలిపి ముప్పైదాకా లైట్లు పడతాయి. స్టూలు జరుపుకుంటూ ఒక్కోదానికి రెండు నిమిషాలు అనుకున్నా నెలకి గంట. గంటే కదా అంటారు, నిజమే, మొదటి మూడు నెలలు చేస్తారు. తర్వాత పెళ్లిళ్ల సీజన్ వస్తుంది, మేనేజర్ మారతాడు, స్టూలు వంటవాళ్లు పట్టుకెళ్తారు. ఏడాదికోసారి చేయాల్సిన గంటన్నర టెస్ట్ అయితే బటన్ నొక్కి పట్టుకుని నిలబడడంతో అయ్యేది కాదు, ఎం.సి.బి. (బోర్డులో ఆ లైనుకి ఉండే బ్రేకర్ స్విచ్చు) దించేసి, వాచీ చూసుకుంటూ, ఏది ఎన్ని నిమిషాలకి ఆరిందో కాగితం మీద రాసుకోవాలి. అది చేసినవాణ్ని నేను ఇంతవరకు ఇద్దర్నే చూశాను, అందులో ఒకడు ఆడిట్ వస్తోందని భయపడి చేశాడు.

ఇంత చెప్పినా మామూలు రకాన్ని తీసిపారేయను. ఆరేడు లైట్లున్న షాపు, చిన్న లాడ్జి, ట్యూషన్ సెంటర్ లాంటిచోట, యజమాని రోజూ అక్కడే కూర్చునేవాడైతే, ఒకటో తారీఖున క్యాష్ పుస్తకం రాసేటప్పుడే బటన్లు నొక్కే అలవాటు ఉంటే, ఆటో టెస్ట్‌కి పెట్టే డబ్బు మంచి బ్యాటరీకి పెట్టుకోవడం మేలు.

ఇక ఆటో టెస్ట్. లోపల చిన్న చిప్ ఒకటి ఉంటుంది, దానికో గడియారం. నెల తిరగ్గానే చిన్న టెస్ట్, ఏడాది తిరగ్గానే, కొన్ని మోడళ్లలో ఆరు నెలలకే, పెద్ద టెస్ట్ తనే చేసుకుంటుంది. దీపం, బ్యాటరీ, ఛార్జింగ్ సర్క్యూట్, ఈ మూడింటిలో ఏది తేడా చేసినా చిన్న ఎల్.ఇ.డి. రంగు మారుతుంది. ఇలాంటి వ్యవస్థలకి ఐ.ఇ.సి. 62034 అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది, కొటేషన్‌లో ఆ నంబరు ఉందేమో చూడండి. లేకుండా ఉత్త ఆటో టెస్ట్ అని స్టిక్కర్ వేసిన సరుకులో కొన్ని ఏం చేస్తాయంటే, నెలకోసారి లైటుని ఒక అర నిమిషం వెలిగించి ఊరుకుంటాయి, పెద్ద టెస్ట్ ఊసే ఉండదు. అలాంటిదానికి ఎక్కువ డబ్బు ఎందుకు, ఆ అర నిమిషం పని మన కరెంటు ఉచితంగానే చేస్తోంది.

ఇప్పుడు అసలు చిక్కు చెప్తాను. లైటు తన జబ్బు తనే కనిపెట్టగలదు గానీ డాక్టర్ దగ్గరికి తనే వెళ్లలేదు. ఎర్ర ఎల్.ఇ.డి. వెలిగితే దాన్ని ఒక మనిషి చూడాలి, చూసినవాడికి అర్థం కావాలి, అర్థమైనవాడు బ్యాటరీ తెప్పించాలి. మా నర్సింగ్‌హోమ్‌లో జరిగిందే చెప్తా. రెండో అంతస్తు వార్డులో ఒక లైటుకి ఎర్ర చుక్క మిణుకు మిణుకుమంటూ ఉండేదట. నేను ఎప్పుడు రౌండుకి వెళ్లినా నాకు ఏ ఎరుపూ కనపడలేదు. ఏడాది చివర విప్పి చూస్తే బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. ఎల్.ఇ.డి. మీద చక్కగా ఒక మెరూన్ బొట్టుబిళ్ళ అంటించి ఉంది. ఆయాని అడిగితే, "రాత్రిళ్లు అది మెరుస్తుంటే పేషెంటుకి నిద్ర పట్టట్లేదంట బాబూ, అందుకని అంటించీసినాను" అంది. ఆవిడ తప్పు ఏముంది, ఆ చుక్క ఏమిటో ఆవిడకి మేం ఎప్పుడైనా చెప్పామా?

అప్పట్నుంచి ప్రతి ఫ్లోర్‌లో ఒక కార్డు కట్టాం. రంగుల భాష కంపెనీకో రకంగా ఉంటుంది, ఇది కొనేవాళ్లకి ఎవరూ చెప్పరు. ఆకుపచ్చ కదలకుండా వెలిగితే బాగున్నట్టు అన్నది దాదాపు అందరిదీ ఒకటే. ఆపైన ఒకరిది ఎరుపు కదలకుండా ఉంటే దీపం పోయినట్టు, మెరుస్తుంటే బ్యాటరీ పోయినట్టు, ఇంకొకరిది సరిగ్గా తిరగేసి, మరొకరిది ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టుకోవాలి. ఒకే భవనంలో రెండు కంపెనీల లైట్లు కలిపి పెట్టారంటే ఇక వాచ్‌మన్ సంగతి దేవుడికే ఎరుక. మా వాచ్‌మన్ ఒడియావాడు, ఆయాల్లో ఒకావిడది సవర ఊరు, నర్సులు సగం శ్రీకాకుళం వైపు వాళ్లు. అందుకే కార్డు మీద అక్షరాలకి బదులు రంగు చుక్కలు వేసి, పక్కన బ్యాటరీ బొమ్మ, బల్బు బొమ్మ గీయించాను. అన్నిటికన్నా ముఖ్యమైన వరుస కార్డులో చివరిది: ఏ చుక్కా వెలగకపోతే కూడా చెప్పాలి. ఆ లైటుకి కరెంటే అందట్లేదని దానర్థం కావచ్చు, ఎరుపు లేదు కదా అని అందరూ దాన్ని దాటుకుంటూ వెళ్లిపోతారు.

బజర్ ఉన్న మోడళ్లు కూడా ఉన్నాయి, పాడైతే కూతపెడతాయి. పెళ్లి మండపానికి వద్దని చెప్పాను. సన్నాయి మధ్యలో అది కీచుమంటే ఎవడో ఒకడు నిచ్చెనెక్కి వైరు పీకేస్తాడు.

మూడో రకం, ప్రతి లైటుకీ ఒక నంబరు ఇచ్చి అన్నిటినీ ఒక ప్యానెల్‌కి కలపడం. డాలీ అనే పద్ధతిలో రెండు వైర్ల మీద ఒక్కో లూపుకి 64 దాకా కలపొచ్చు, వైర్‌లెస్‌వీ దొరుకుతున్నాయి. రెండో అంతస్తు, తూర్పు మెట్లు, పన్నెండో నంబరు, బ్యాటరీ వీక్ అని తెర మీద పడుతుంది, రికార్డు అదే రాసుకుంటుంది. ఆడిట్‌కి వచ్చినవాళ్లు పుస్తకం అడిగితే ప్రింటు తీసి ఇవ్వొచ్చు. ఆటో టెస్ట్ లైటుకి విడిగా ఈ సౌకర్యం లేదు, అది టెస్ట్ చేసుకుంటుందే గానీ చేసిన సంగతి ఎక్కడా రాయదు, పుస్తకం మనమే రాయాలి. వందల లైట్లున్న ఆసుపత్రికి, ఫ్యాక్టరీకి, పెద్ద మాల్‌కి ప్యానెలే సరి. భువనేశ్వర్‌లో 2016 అక్టోబరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి తగలబడి ఇరవైమందికి పైగా చనిపోయాక మన ఒడిశాలో ఆసుపత్రులకి ఈ విషయాలు బాగానే తలకెక్కాయి. ముప్పై లైట్ల మండపానికి మాత్రం ప్యానెల్ అక్కర్లేదు. అది చెడిపోతే బాగుచేసేవాడు వైజాగ్ నుంచో భువనేశ్వర్ నుంచో దిగాలి.

అన్నట్టు ఆ దిగడం గురించి కూడా చెప్పాలి, సరిహద్దు ఊళ్లవాళ్లకే తెలిసే బాధ ఇది. మేం ఒకసారి వైజాగ్‌లో లైట్లు కొన్నాం, రేటు బాగుంది. వారంటీలో నాలుగు పోయాయి. ఫోన్ చేస్తే అమ్మినవాళ్లు "మాది ఆంధ్రా టెరిటరీ సార్, మీరు ఒడిశా డీలర్‌తో మాట్లాడుకోండి" అన్నారు, ఒడిశా డీలర్ "బిల్లు మాది కాదు" అన్నాడు. పర్లాకిమిడి నుంచి నాలుగడుగులేస్తే పాతపట్నం, అక్కడి షాపు వాడికి మన పెళ్లిళ్లకి భోజనానికి రావడానికి టెరిటరీ అడ్డం రాదు గానీ వారంటీకి వస్తుంది. కాబట్టి డబ్బు కట్టే ముందే వారంటీ ఏ రాష్ట్రంలో, ఎవరు ఇస్తారో బిల్లు మీద రాయించుకోండి.

బ్యాటరీ సంగతి కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే ఏ రకం లైటు కొన్నా చివరికి పాడయ్యేది అదే. చౌక లైట్లలో సీల్డ్ లెడ్ యాసిడ్ ఉంటుంది, కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటాల్లో వేసే రకం. ఎక్కడైనా దొరుకుతుంది, అదే దాని బలం. రెండు బలహీనతలు. ఒకటి ఎండ. 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకీ దాని ఆయుష్షు ఇంచుమించు సగం అవుతుందని లెక్క. రేకుల షెడ్డు భోజనశాలలో మే నెల మధ్యాహ్నం ఎంత ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండోది, ఖాళీ అయ్యాక అలాగే వదిలేస్తే చచ్చిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. మొదటి రాత్రే అన్ని లైట్లూ ఖాళీ, ఆపైన ఛార్జింగ్ లేకుండా అలా పడి ఉన్నాయి. కరెంటు వచ్చాక లెడ్ యాసిడ్‌వి చాలావరకు మళ్లీ లేవలేదు, నికెల్ కాడ్మియంవి లేచాయి.

నికెల్ కాడ్మియం వేడిని బాగా ఓర్చుకుంటుంది, మోటుది, కానీ నిండడానికి మెల్లగా ఒక రోజంతా పడుతుంది. ఇప్పుడు కొత్తగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వస్తోంది, తేలిక, త్వరగా నిండుతుంది, ఎక్కువ ఏళ్లు వస్తుంది. కానీ ఆ ప్యాకు కంపెనీ దగ్గరే కొనాలి, బయట దొరికేది అందులో పెట్టకూడదు. నా ఓటు ఎటంటే, ఆటో టెస్ట్ కొనేవాళ్లు వేడికి తట్టుకునే నికెల్ కాడ్మియం గానీ ఫాస్ఫేట్ గానీ తీసుకుని, లైట్లతోపాటే రెండు మూడు బ్యాటరీ ప్యాకులు విడిగా కొని పెట్టుకోవడం. అయితే వాటిని అలమారాలో పడేసి మర్చిపోకూడదు, దాచినా మెల్లగా ఖాళీ అవుతాయి, ఆరు నెలలకోసారి లైట్లో పెట్టి నింపి తీయాలి. ఎర్ర చుక్క కనపడ్డ రోజున మార్చడానికి చేతిలో ప్యాకు లేకపోతే, ఆ చుక్కకి జనం నెల రోజుల్లో అలవాటుపడిపోతారు. తర్వాత దాన్ని ఎవరూ చూడరు.

గంటన్నరది తీసుకోవాలా, మూడు గంటలదా అని కూడా బావగారు అడిగారు. మూడు గంటలది తీసుకోమన్నాను. బ్యాటరీ ఏటేటా కొంత తగ్గుతుంది, కొత్తలో సరిగ్గా గంటన్నర వచ్చేది మూడో ఏడు రాదు. మూడు గంటలది కొంచెం తగ్గినా కోడ్ అడిగిన గంటన్నర మిగిలే ఉంటుంది, ఎర్ర చుక్క ముందే వచ్చి మీకు వ్యవధి ఇస్తుంది.

మన కరెంటుతో ఆటో టెస్ట్‌కి ఒక ఇబ్బంది ఉంది, కంపెనీవాళ్లు కరపత్రంలో రాయరు. చాలా మోడళ్లు బ్యాటరీ పూర్తిగా నిండితే గానీ పెద్ద టెస్ట్ మొదలుపెట్టవు, నిండకపోతే వాయిదా వేస్తాయి. నిండడానికి ఇరవైనాలుగు గంటలు ఎడతెగని కరెంటు కావాలి, వేసవిలో మన పల్లె ఫీడర్ల మీద అది దొరకడం మాటలా. వాయిదా మీద వాయిదా పడుతూ టెస్ట్ ఎప్పటికీ జరక్కపోవచ్చు, చుక్క మాత్రం ఆకుపచ్చగానే ఉంటుంది. ఎన్నాళ్లు వాయిదా వేస్తుంది, వేసినట్టు ఏ గుర్తుతో చెబుతుంది అని అమ్మేవాణ్ని తప్పకుండా అడగండి. నీళ్లు నమిలితే ఆ మోడల్ వద్దు.

ఇంకోటి గడియారం. చాలావాటికి తేదీ, టైము ఏమీ తెలీదు, మొదటిసారి కరెంటు ఇచ్చిన క్షణం నుంచి లెక్కపెట్టుకుంటాయి. సాయంత్రం ఏడింటికి ఆన్ చేస్తే టెస్టులన్నీ ఆ ఏడింటికే వస్తాయి. పెద్ద టెస్ట్ అయ్యాక బ్యాటరీ ఖాళీగా ఉంటుంది, మళ్లీ నిండేదాకా ఆ లైటు ఉన్నా లేనట్టే. అన్నీ ఒకేసారి టెస్ట్‌కి దిగితే, తిన్నగా ముహూర్తం వేళకి భవనం మొత్తం ఖాళీ బ్యాటరీలతో ఉంటుంది. అందుకని పెళ్లిళ్లు లేని మూఢంలో, పొద్దున పది పదకొండింటికి, ఒకటి విడిచి ఒకటి చొప్పున సగం లైట్లు ఒక రోజు, మిగతా సగం వారం తర్వాత మొదలుపెట్టించండి. అందుకోసం వైరింగులోనే పక్కపక్క లైట్లని రెండు సర్క్యూట్ల మీద పెట్టాలి, గోడ పూత అయ్యాక చెబితే ఎలక్ట్రీషియన్ తిడతాడు. కొన్ని కంపెనీలు లైట్లే తమంతట తాము వేరువేరు రోజులకి జరుపుకునేలా చేస్తాయి, అలాంటివి దొరికితే ఈ తిప్పలు లేవు. తుపాను లాంటిదొచ్చి బ్యాటరీతో సహా అంతా ఖాళీ అయితే గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందా, పాత లెక్క గుర్తుంటుందా అన్నది కూడా అడగండి. సున్నా నుంచి అయితే కరెంటు వచ్చిన నిమిషాన అన్నీ మళ్లీ ఒకే తాళంలో పడతాయి.

ఏ ఆటో టెస్టూ కనిపెట్టలేని తప్పు వైరింగులో ఉంటుంది. లైటుకి వచ్చే ఫేజు స్విచ్చు దాటాక తీసుకోకూడదు. రాత్రి ఎవరో స్విచ్చు కట్టేస్తే అది కరెంటు పోయిందనుకుని తెల్లవార్లూ వెలుగుతుంది, రోజూ ఇలా అయితే కొద్ది నెలల్లో బ్యాటరీ గోవిందా. అలాగని ఇన్వర్టర్ లైను నుంచీ ఇవ్వకూడదు, హాలు లైట్ల ఎం.సి.బి. ట్రిప్పయినా ఇన్వర్టర్ లైను బతికే ఉంటుంది కాబట్టి ఎమర్జెన్సీ లైటుకి చీకటి పడిన సంగతే తెలీదు. ఆ చోట మామూలు దీపాలు ఏ సర్క్యూట్ మీద ఉన్నాయో దాని మీదే, స్విచ్చుకి ముందు ఇవ్వాలి. ఇంకా, డెకరేషన్‌వాళ్లు ఎగ్జిట్ బోర్డు మీద గుడ్డ కప్పేసి బంతిపూల దండలు కట్టేస్తే లోపల చిప్ ఎంత తెలివైనదైనా చేసేదేం లేదు.

కట్టడం పూర్తికాకుండా బ్యాటరీ కనెక్టర్లు పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. టెంపరరీ కరెంటు వస్తూ పోతూ ఉంటే ప్రారంభోత్సవం నాటికే సగం బ్యాటరీలు నీరసపడతాయి. కనెక్టర్ పెట్టిన రోజు తారీఖు ప్రతి బ్యాటరీ మీద మార్కర్‌తో రాయాలి.

బావగారు చివరికి ఆటో టెస్ట్‌వే, మూడు గంటలవి, అన్నీ ఒకే కంపెనీవి చెప్పారు, నాలుగు ప్యాకులు అదనం. ప్రతి నెల ఒకటో తారీఖున మేనేజర్ ఒక చుట్టు తిరిగి చుక్కల రంగు పుస్తకంలో రాస్తేనే ఆ నెల జీతం అని షరతు కూడా పెట్టారట. బొట్టుబిళ్ళ సంగతి చెప్తే నవ్వి, "మండపంలో వాటికి కొదవేముంది బావా, ప్రతి పెళ్లికీ అద్దాల నిండా అంటించి పోతారు" అన్నారు. ఎల్.ఇ.డి. ఉన్న వైపు చేతికి అందనంత ఎత్తులో పెట్టించమన్నాను, కింద నిలబడితే కనపడేలా.